రాతి ఆకుల అయివారు

వాన పడితే మా షెడ్డుకు ఆకుల అయివారు వస్తారు. చనిపోయిన మనిషి రావడమేమిటని అడగకండి. బతికున్నప్పుడు కూడా ఆయన అంత చప్పుడే చేసేవారు. రేకుల సందులోంచి ఒక చుక్క జారి, పేర్చిన పలకరాళ్ళ మీద పడుతుంది. టక్. కాసేపాగి ఇంకో రాయి మీద, టక్. ఆయన గోటితో రాయిని తట్టి చూసే తీరు అచ్చం అదే. మంచి రాయి ఖంగుమంటుంది. లోపల పగులున్నది మొద్దుగా పలుకుతుంది. ఆయన తల ఒక పక్కకు వంచి వినేవారు, పక్కింట్లో ఎవరో పిలుస్తున్నట్టు.

మొన్న తొలకరికి ఆ చప్పుడు వినగానే తల ఎత్తకుండానే, "రాండి అయివారూ, కూర్చోండి" అన్నాను. పక్కనే బీడీ కాలుస్తున్న మా బావమరిది నా వైపు చూశాడు, ఖాళీ స్టూలు వైపు చూశాడు, బీడీ ఆర్పేసి వాళ్ళ ఊరికి బస్సెక్కాడు. నేనెన్ని మాటలన్నా కదలని మనిషిని అయివారు ఒక్క చుక్కతో కదిలించారు.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నాలుగో ఫారం మధ్యలో బడీ నేనూ ఒకరినొకరం వదిలేసుకున్నాం. పగలేమీ లేవు. ఆ తర్వాత మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో చేరి, జిల్లాలో బళ్ళన్నిటికీ చట్రాలు బిగించిన పలకలు పంపాను. చదువుకు నేను చేసినంత సేవ చదువుకున్నవాళ్ళు కూడా చేయలేదు. అప్పటికి మా ఊరు కర్నూలు జిల్లా. రాష్ట్రం కొత్త, బళ్ళో పుస్తకాలు కొత్త, వాటిలో మాటలు మరీ కొత్త. ఆ మాటలకు భయపడని మనిషి ఊరు మొత్తం మీద ఆయనొక్కరే.

హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. పొడుగ్గా, సన్నగా, కొంచెం ముందుకు వంగి, రెండు జేబుల తెల్లచొక్కాతో వచ్చేవారు. మేము పలకలు కోయగా మిగిలిన ముక్కలు షెడ్డు వెనక గుట్టగా పడి ఉండేవి. ఆయన వాటిలో ఏరుకుని, బలపంతో ఒక ఆకు బొమ్మ గీసి నా చేతికిచ్చి, "దీన్ని ఇట్లనే కోసియ్యప్పా" అనేవారు. రాయి కోసే పెద్ద కత్తెర దగ్గర కూర్చుని నేను కోసేవాణ్ణి. తమలపాకులా హృదయాకారం. చేమాకులా బాణాకారం. ఆముదపాకులా హస్తాకారం, అది మాత్రం వేళ్ళు విరగకుండా వచ్చేది కాదు. ఎన్నో చేతులు విరిచాను.

"అయివారూ, ఊరి నిండా ఆకులుంటే రాతితో ఎందుకు?" అని మొదట్లో అడిగాను.

"రాయి వాడదు గదా" అన్నారు. అప్పటికి నేను తర్లుపాడు నుంచి కొత్తగా వచ్చినవాణ్ణి. ఆ జవాబు చాలనుకున్నాను.

పేర్ల మీద ఆయనకు మోజు లేదు. ఎవరైనా ఆకు చూపించి "ఇది ఫలానా" అనబోతే చెయ్యి అడ్డం పెట్టేవారు. "పేరు ఎవురైనా చెప్తారు. ముందు ఆకారం చెప్పు. కొన ఎట్లుంది, అంచు ఎట్లుంది, మొదలు ఎట్లుంది. కొన, అంచు, మొదలు." ఈ మూడు మాటలూ చెప్పేటప్పుడు ఆయన బొటనవేలు గాలిలో ఒక కనపడని ఆకు చుట్టూ తిరిగి వచ్చేది. మొదలు దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ వేలు ఆగేది. ఒక్క క్షణం. నేను దాన్ని కూడా అనుకరించి నవ్వించేవాణ్ణి. ఆగడంతో సహా.

ఆయన మాటలు నాకు బాగా అక్కరకొచ్చాయి. తొడిమ లేకుండా నేరుగా కొమ్మకే అతుక్కున్న ఆకును వృంతరహితం అంటారని చెబితే, "మా బావమరిది మా ఇంట్లో ఉన్నట్టు" అన్నాను. ఆకులు ఒకటి ఇటు, ఒకటి అటు, పైకి పోయేకొద్దీ మారి మారి వస్తే ఏకాంతరం అంటే, "దర్శి బస్సు అయివారూ, ఒకరోజు వస్తాది, ఒకరోజు రాదు" అన్నాను. ఆయన నవ్వకుండా ఆలోచించి, "కాదప్పా, ఏకాంతరానికి ఒక క్రమం ఉంటాది. దర్శి బస్సుకు లేదు" అనేవారు. షెడ్డు మొత్తం నవ్వేది. రెండాకులు ఒకే కణుపులో ఎదురెదురుగా పుడితే అభిముఖం. ఆ మాటకు మాత్రం నేను హాస్యం చేయబోతే ఆయనే ముందు అన్నారు: "జిల్లేడాకులు. నేనూ మా ఇంటామె. ఒకే చోట ఉంటాం, ఎదురుగా ఉంటాం, తగలం."

ఊళ్ళో ఆయన గురించి ఇంకో తమాషా ఉండేది. సాయంత్రం బడి నుంచి ఇంటికి వస్తే అయివారమ్మ గడపలో నిలబడి ఉండేది. ఆయన చెప్పులు విడిచి, చొక్కా జేబులు రెండూ బయటికి లాగి, అరుగు మీద దులిపేవారు. సుద్దముక్కలు, దారపుండ, కళ్ళజోడు పెట్టె. ఆమె చూసి పక్కకు తప్పుకుంటే అప్పుడు లోపలికి. రోజూ ఇదే. ఆ వీధిన పోయేవాళ్ళంతా చూశారు. బీడీల కోసం వెతుకుతుందని కొందరు, ఇంకేవో ఉత్తరాల కోసమని కొందరు. నేనైతే షెడ్డులో నా జేబులు బయటికి లాగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, రెండు వేషాలూ నేనే వేసేవాణ్ణి. అందరూ నవ్వారు. ఒక్క సుబ్బక్క నవ్వలేదు.

సుబ్బక్క మా దగ్గర రాళ్ళు ఏరే మనిషి. ఆమె ఎందుకు నవ్వలేదో నాకు తెలిసింది వానలు సరిగా రాని ఏడు.

ఆ ఏడు జొన్న మొలిచి మాడిపోయింది. అంగట్లో కూరగాయలు కనపడకుండా పోయాయి. ఆడవాళ్ళంతా గట్ల మీద, కాలవ పక్కన, దొరికిన ఆకు కొంగులో కోసుకొచ్చేవాళ్ళు. దొగ్గలాకు, చెంచలాకు, గునుగాకు. ఒక మధ్యాహ్నం సుబ్బక్క షెడ్డు బయట చేట ముందేసుకుని ఆకు గిల్లుతోంది. అయివారు రాళ్ళకోసం వచ్చి ఆమె వెనక నిలబడిపోయారు. నేను చూస్తూనే ఉన్నాను. ఆయన నోరు తెరిచారు. ఉన్నట్టుండి వంగి, చేటలో చెయ్యి పెట్టి, ఒక్క లేత ఆకు తీసి, పిడికిట్లో మూసుకుని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. ఆ రోజు రాళ్ళు కూడా తీసుకోలేదు.

"అక్కా, అయివారింట్లో పప్పులోకి ఒక ఆకు తక్కువైనట్టుంది. అడిగితే ఇయ్యమా?" అన్నాను.

సుబ్బక్క చేట పక్కకు నెట్టింది. "నోరు ముయ్యిరా. ఆయన తీసింది ఉమ్మెత్త. నా కంటికి ఆనలా."

అప్పుడు చెప్పింది.

ఆయనకు ఒక ఆడపిల్ల ఉండేది. బాగా మాట్లాడే పిల్ల. అయివారమ్మ ఎవరిదో పెళ్ళికని గిద్దలూరు పుట్టింటికి పోయిన ఒక ఆదివారం, ఆయన పొద్దున్నే చేలల్లో తిరిగి, మర్నాటి పాఠం కోసం ఆకులు కోసుకొచ్చారు. పాఠం ఆకు మొదలు గురించి. దానికి లేత ఉమ్మెత్త కంటే మంచిది లేదు. వాడిపోకుండా తడిగుడ్డలో చుట్టి నీళ్ళకుండ పక్కన పెట్టి, బజారుకు పోయారు. మా వైపు ఏ ఇంట్లోనైనా చేని నుంచి తెచ్చిన కూరాకు ఉండే చోటు అదే. తడిగుడ్డలో, నీళ్ళకుండ పక్కన. అయివారి తల్లికి చూపు సరిగా ఆనదు. కొడుకు ఆకుకూర తెచ్చినాడనుకుంది. పిల్లకు ఆకలవుతోందని పప్పులో వేసింది.

"పిల్ల సాయంత్రం దాకా గాల్లో ఆకులు గిల్లతానే ఉండె" అంది సుబ్బక్క. "ఏమీ లేని గాల్లో. ఇట్ల. ఒక్కొక్కటే గిల్లి, అయ్య చేతిలో పెడతాండె. ఆయన తీసుకుంటానే ఉండె. తెల్లారేతలికి పాయె. ముసలామె కొంచెమే తినింది, బతికింది. ఎందుకు బతికినాననుకుంటా ఇంకో రెండేండ్లు ఉండె."

నా జేబులు నాకే బరువుగా అనిపించాయి.

"బళ్ళో అన్ని ఆకులూ చెప్తాడంట. ఆ ఒక్కటీ చెప్పడంట" అంది సుబ్బక్క. "ఆ బొమ్మ కాడికి వస్తే పుస్తకం మూసేస్తాడంట. మా చెల్లెలు కొడుకు చెప్పినాడు. చెప్పాల్సింది అదొకటే గదరా. ఈ కరువులో ఎంతమంది నాలాగ కోసుకొస్తాండారో."

మర్నాడు అయివారమ్మ షెడ్డుకు వచ్చింది. ఆమెను అంత దగ్గరగా నేను చూడడం అదే మొదలు. చిన్న మనిషి. గడపలో నిలబడినప్పుడే పెద్దగా కనిపించేది. కొంగుముడి విప్పి, వడిలిన ఆకు ఒకటి నా ముందు రాతిమీద పెట్టింది.

"నిన్న సాయంత్రం ఆయన జేబులోంచి రాలింది" అంది. "ఇన్నేండ్లకు మళ్ళా గడపదాకా తెచ్చినాడు. ఎట్ల వచ్చిందో ఆయనకే తెలీదంట."

నేను కత్తెర వదిలి ఆ ఆకు వైపు వంగాను.

"దీన్ని రాతితో చేసియ్యి నాయనా."

"ఎందుకమ్మా ఇది?"

"రాయైతే ఇంట్లో పెట్టుకోవచ్చు. ఎవురూ వండరు." ఆకు మొదలు మీద వేలు పెట్టింది. "ఈడ చూడు. తొడిమ కాడ రెండు పక్కలూ ఒకటిగా కలవవు. ఒక పక్క కిందికి దిగుంటాది. నేను గిద్దలూరు నుంచి వచ్చేతలికి ఆ గుడ్డలో ఒక ఆకు మిగిలుండె. దాన్నే చూసుకుంటా కూర్చున్నా. అప్పుట్నుంచీ ఈ మొదలు నాకు కండ్లు మూసినా కనపడతాది. ఆయనకూ కనపడతాది. మా ఇద్దరికే కనపడితే ఏం లాభం? రేపు ఇంకొకరి పిల్ల పోతే? ఆయన కట్టలో కలిపి పంపు. నేను చెప్పినానని మాత్రం చెప్పొద్దు. ఆయంతట ఆయనే చెప్పాల."

కోయడానికి కూర్చుంటే నా చేతులు నా మాట వినలేదు. పలకలు కోసే చేయికి రెండు పక్కలూ సమానంగా కోయడమే తెలుసు. అటూ ఇటూ ఒకటిగా రాకపోతే మా దగ్గర దాన్ని చెడిపోయిందంటారు, గుట్టలో పారేస్తారు. కావాలని ఒక పక్క దించి కోయాలంటే కత్తెర ఒప్పుకోలేదు. తొడిమ దగ్గరికి రాగానే తనే సర్దుకుని సమానం చేసేసేది. ఎన్ని విరిగాయో. చివరికి చేత్తో అరం పట్టి, వడిలిన ఆకును పక్కన పెట్టుకుని, కొంచెం కొంచెంగా అరగదీశాను. సాయంత్రానికి వచ్చింది. నల్లగా, చల్లగా, మొదట్లో ఒక పక్క దిగి. అంత మంచి రాయి మళ్ళీ నా చేతిలో పడలేదు.

వారం తిరిగేసరికి అయివారు కట్ట తీసుకోవడానికి వచ్చారు. స్టూలు మీద కూర్చుని ఒక్కొక్క ఆకే ఒళ్ళో పెట్టుకుని తట్టసాగారు. టక్. హృదయాకారం. టక్. బాణం. ఆ ఆకు చేతికి వచ్చింది. చూడలేదు; బొటనవేలు చుట్టూ తిప్పారు. కొన, అంచు, మొదలు. ఆగారు. గోటితో తట్టారు. అది ఖంగున మోగింది, షెడ్డు మొత్తం వినేలా.

దాన్ని తీసి నా పక్కన పెట్టారు. "ఇది నాది కాదప్పా."

"కొలత తప్పిందా అయివారూ?"

"తప్పలా. అదే." మిగతావి కట్టుకుని వెళ్ళిపోయారు.

నేను దాన్ని ఇంటికి తీసుకుపోలేకపోయాను. గుట్టలో పారేయలేకపోయాను. రెండు రోజులు అది చట్రాల పక్కన పడి ఉంది. నేను ఏ మాట అనబోయినా అది నా వైపు చూసేది. మూడో రోజు చొక్కాలో పెట్టుకుని బడికి బయలుదేరాను.

నన్ను చూసి గేటు దగ్గర ప్యూను, "ఏందిరా, ఇప్పుడు గుర్తొచ్చిందా హాజరు పలకాలని?" అన్నాడు. ఇంకో రోజైతే జవాబు చెప్పేవాణ్ణి. వరండా మీద నడిచి ఆయన గది దగ్గర ఆగాను. నేను కోసిన ఆకులన్నీ గోడకు దారాలతో వేలాడుతున్నాయి. గాలికి ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగుతున్నాయి. ఆయన ఆకు మొదళ్ళ గురించి చెబుతున్నారు. గుండ్రంగా ఉండేవి, కోసుగా ఉండేవి, లోపలికి నొక్కుకుపోయినవి. అంతవరకు చెప్పి పుస్తకం మూశారు.

ముందు బల్లలో పిల్లవాడు లేచి, "సార్, ఇంకో బొమ్మ ఉండాది సార్" అన్నాడు.

"అది మనకు అక్కరలేదు. కూర్చో."

నేను గుమ్మంలో నిలబడి, "అయివారూ, మీ సరుకులో ఒకటి మా దగ్గరే ఉండిపోయింది. మా ఫ్యాక్టరీలో వాపసు తీసుకునే పద్ధతి లేదు" అన్నాను. పిల్లలు గొల్లుమన్నారు. ఆయన నా చేతిలో ఉన్నది చూశారు, నవ్వలేదు, రాలేదు. తల అడ్డంగా ఊపారు.

ఇక మాట నిలబెట్టుకోవడం నా వల్ల కాలేదు. దగ్గరికి వెళ్ళి మెల్లగా చెప్పాను: "అమ్మ చేయించింది."

ఆయనకు అర్థం కాలేదు. "ఎవరు?"

"అయివారమ్మ. ఆమే షెడ్డుకు వచ్చింది. మొదలు ఎట్లుండాల్నో ఆమే చూపించింది."

ఆయన చాలాసేపు నా ముఖం చూశారు, నేను ఎక్కడ నవ్వుతానో అని. నవ్వలేదని తెలిశాక చెయ్యి చాపారు. ఆ చెయ్యి అరచేయి పైకి పెట్టి, ఎవరో చిన్నపిల్ల ఇచ్చేది అందుకుంటున్నట్టు ఉంది. అందులో పెట్టాను.

ఆయన పిల్లల వైపు తిరిగారు. గొంతు మామూలుగానే ఉంది.

"దీని కొన కోసుగా ఉంది. అంచు అక్కడక్కడ వంపు తిరిగింది. మొదలు చూడండి. రెండు పక్కలూ సమానంగా లేవు. దీన్ని అసమాన పీఠం అంటారు. పేరు తర్వాత చెప్తా. ముందు అందరూ ముట్టుకుని చూడండి."

రాయి బల్ల బల్లకూ తిరిగింది. చివరి వరసదాకా పోయి మళ్ళీ ఆయన చేతికి వచ్చింది.

"దీని పేరు ఉమ్మెత్త. లేతగా ఉన్నప్పుడు కూరాకులో కలిసిపోతాది. దొగ్గలాకుకు కొన నొక్కుకుని ఉంటాది, మొదలు సమానం. దీనికి అట్ల ఉండదు." ఆగారు. "నేను దీన్ని ఒకసారి ఇంటికి తీసుకుపోయినా. దీని గురించి నాకు అన్నీ తెలుసు. అంతకుముందు మీలాంటి పిల్లకాయలకు ఎన్నోసార్లు చెప్పినా. ఇంట్లో మా అమ్మకు చెప్పలా. గుడ్డలో ఏముందో ఒక్క మాట చెప్పలా."

పిల్లలకు సగమే అర్థమైంది. వరండాలో నేను గోడకు ఆనుకున్నాను. బడిలో నేను పూర్తిగా విన్న పాఠం అదొక్కటే.

ఆ రోజు నుంచి ఆ రాయి తిరిగింది. రోజుకొక పిల్లవాడు దాన్ని ఇంటికి తీసుకుపోవాలి, రాత్రి నీళ్ళకుండ పక్కన పెట్టాలి, అమ్మకూ అవ్వకూ వేలు పట్టి మొదలు తడిమించి, పొద్దున తేవాలి. తర్లుపాడు నుంచి నడిచి వచ్చే పిల్లల చేతుల్లో అక్కడికీ పోయింది. సుబ్బక్క ఇంట్లో కూడా ఒక రాత్రి ఉంది. "అది ఉన్నంతసేపు నిద్ర రాలేదురా, ఎవురో కూర్చున్నట్టే ఉండె" అంది. ఆ కరువులో మా చుట్టుపక్కల ఉమ్మెత్త తిని ఎవరైనా పోయినట్టు నేను వినలేదు. రాయి వల్లనో, దేవుడి వల్లనో చెప్పలేను.

అయివారి ఇంటి గడప దగ్గర మాత్రం ఏమీ మారలేదు. సాయంత్రం ఆమె నిలబడేది, ఆయన జేబులు దులిపేవారు. సెలవుల్లో రాయి ఆయన దగ్గరే ఉండేది. అప్పుడు అది కూడా అరుగు మీద పడేది. ఆమె దాన్ని తీసుకుని, కళ్ళు మూసుకుని ఒకసారి మొదలు తడిమి, తిరిగి ఆయన జేబులో వేసి, పక్కకు తప్పుకునేది. నేను ఆ వీధిన పోతూ ఎన్నోసార్లు చూశాను. మళ్ళీ ఆ వేషం వేయలేదు.

ఆయన బళ్ళోనే పోయారు. వానాకాలం, పాఠం మధ్యలో, బల్ల మీద చెయ్యి ఆనించి, కూర్చోబోయి. బండి మీద ఇంటికి తెచ్చాం. తడుస్తూనే నలుగురం ఎత్తుకుని అరుగు ఎక్కబోతుంటే వాళ్ళ పెద్దలు అడ్డుపడ్డారు.

"బయట పోయిన ప్రాణం. లోపలికి పోకూడదు. అరుగు మీదే ఉంచాల."

అయివారమ్మ గడపలో నిలబడి ఉంది. ఎప్పుడూ నిలబడే చోటే. ఏడవలేదు. "ఆగండి" అంది. ముందుకు వచ్చి, తడిసిన చొక్కా జేబులు ఒక్కొక్కటే బయటికి లాగింది. సుద్దముక్కలు. దారపుండ. కళ్ళజోడు పెట్టె. జేబుల మూలలదాకా వేళ్ళు పెట్టి చూసింది.

"ఇప్పుడు గూడానా తల్లీ!" అని ఎవరో ముసలాయన ఏడ్చాడు.

ఆమె నా వైపు చూసింది. "రాయి ఏది నాయనా?"

"ఎవురో పిల్లకాయ ఇంట్లో ఉంటాదమ్మా. నీళ్ళకుండ పక్కన."

ఆమె తల ఊపింది. సుద్దముక్కలు అరుగు మీదినుంచి ఏరి కొంగులో వేసుకుంది. పెద్దలు ఇంకా ఏదో చెబుతూనే ఉన్నారు. ఆమె గడపలోంచి పక్కకు తప్పుకుంది.

"ఏమీ లేదు. లోపలికి తీసుకురాండి."